ముట్టుకోవద్దు

అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మాకు తలుపు తెరుస్తారు.
నాలుగింటికి మూసేస్తారు.
బోనాల ఆదివారం కదా, పరగడుపు రక్తాలు తక్కువే వస్తాయని
మేనేజర్ సంతకం పెట్టిచ్చిన మూడు గంటలు.

నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తు.
ఈ వేళకి ఏసీ ఆపేస్తారు.
కింద రింగురోడ్డు మీద ఇసుక లారీలు
ఒకదాని వెనక ఒకటి, తోకలు ఎర్రగా.

నలభై రెండు సర్వర్లు.
ముందు ఒక్కదానికి, ఎవరూ పట్టించుకోని చిన్నదానికి
కొత్త ప్యాచ్ పెట్టి చూస్తాం,
ఉప్పు సరిపోయిందా అని అరచేతిలో వేసుకున్న పులుసు చుక్కలా.
పది నిమిషాలు ఆగుతాం.
నుజహత్ లాగ్ చదువుతుంది, పెదవులు కదుపుతూ.
ఆమె తల ఊపితే తరవాతి ఐదు.
ఆ తరవాత పది.

రీబూట్ కొట్టాక
పింగ్‌కి పలకని ఆ తొంభై సెకన్లు ఉన్నాయే,
పదేళ్లుగా చేస్తున్నా, కుర్చీకి వీపు ఆనదు.
జవాబు లేదు.
జవాబు లేదు.
జవాబు లేదు.
అరవై నాలుగు బైట్లు.
హమ్మయ్య అనం. పైకి అంటే దిష్టి.

రెండుంపావుకి నలభై ఒకటి అయ్యాయి.
నలభై రెండోది ఒప్పుకోలేదు.
అందులో ఒక ప్యాకేజీని ఎవరో కట్టేసి వెళ్లారు,
ఏడేళ్ల కిందటి వెర్షన్ దగ్గర, గుంజకి మేకని కట్టేసినట్టు.
పక్కన ఒక ఫైలు. అందులో ఒకే లైను:
"ముట్టుకోవద్దు – భూమేశ్."

ఎందుకో రాయలేదు.
ఎప్పటిదాకానో రాయలేదు.
ఉద్యోగం వదిలేసి శామీర్‌పేట దగ్గర నర్సరీ పెట్టాడని తెలుసు,
కనకాంబరాలు, కరివేప మొక్కలు.
ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.
ఈ పని చేసినవాళ్లకి నిద్ర మళ్లీ మామూలుగా రాదు.
"నేనే రాసిన్నా?"
చాలాసేపు ఆలోచించాడు. వెనక బోరు మోటారు చప్పుడు.
"యాదికొస్తలేదమ్మా.
గని నేను ఊకెనే రాయ."

సెక్యూరిటీ వాళ్ల పట్టికలో ఇదే ఆఖరి ఎర్రచుక్క.
సర్వర్‌కి నకలు తీశాం.
నకలు మీద ముడి విప్పాం.
అన్నీ పచ్చగా వచ్చాయి. ఒక్క తప్పూ లేదు.
అది ఇంకా భయం.

"అసలు ఈ డబ్బా చేసే పనేంటి?" అంది నుజహత్.
రక్తపు సీసాలకి అంటించే స్టిక్కర్లు.
"అయితే ఒకటి తీసి చూద్దాం."
నిన్నటి జాబితాలో పేరొకటి కొట్టింది. రత్తమ్మ.
తెర మీద పడింది:
రతమ.

కళ్లు నులుముకుని ఇంకోటి కొట్టింది. రత్నమ్మ.
రతమ.

వత్తులు రాలిపోయాయి.
మలక్‌పేట ల్యాబులో ఒకే ట్రేలో రెండు సీసాలు,
ఒకామెకి చక్కెర, ఒకామెకి లేదు,
ఇద్దరూ రతమ.
మిషను లెక్కలో ఇది తప్పు కాదు,
అందుకే ఏ లాగూ అరవలేదు.
వత్తు లేకపోతే ఏం పోతుందో
దానికెవరు చెబుతారు?

నలభై ఒకటితో ఆపేశాం.
సోమవారం అడుగుతారు, ఆ ఒక్కటీ ఏమైందని.
నాలుగుకి పది నిమిషాల ముందు ఆ ఫైలు తెరిచి
సార్ లైను కింద రాశాను:
"కొత్త వెర్షన్‌లో వత్తులు రాలుతున్నాయి.
రత్తమ్మ, రత్నమ్మ ఒకటైపోతారు.
స్టిక్కర్ తీసి చూసుకుని, అప్పుడు ముట్టుకోండి – హైమ."
తేదీ కూడా వేశాను.

ఐదుంపావుకి క్యాబ్‌లో ఉండగా మెసేజ్:
"యాదికొచ్చింది. వత్తులు."

టోలీచౌకీ దాటాక సిగ్నల్ దగ్గర ఆగాం.
ఫుట్‌పాత్ మీద ఒకాయన కాగితాల మంట వేసి
డప్పు కాస్తున్నాడు.
ఒక దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని విని,
తల అడ్డంగా ఊపి,
మళ్లీ మంటకి చూపించాడు.